శారమ్మ నవ్వు

భక్తికీ నవ్వుకీ చుక్కెదురని ఎవరు తీర్మానించారో గానీ, మా తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఆ తీర్మానం తరతరాలుగా అమలవుతూనే ఉంది. గుడిలో పిల్లవాడు కిసుక్కుమంటే తల్లి తొడపాశం పెడుతుంది. ప్రసంగంలో అయ్యగారు ఏదైనా చమత్కారం విసిరితే, వెనక బల్లల వాళ్ళు నవ్వవచ్చునో కూడదో తెలియక ముందు వరుసలోని పెద్దల వీపులకేసి చూస్తారు. దీనికి పెద్దలు చూపే ఆధారం ఒకటి ఉంది. సువార్తల్లో యేసు కన్నీరు పెట్టినట్టు ఉంది గానీ, నవ్వినట్టు ఎక్కడా రాసిలేదు కదా అని!

నిజమే, రాసిలేదు. ఆయన తుమ్మినట్టూ రాసిలేదు. కానీ గిట్టనివాళ్ళు ఆయనను తిండిపోతనీ, తాగుబోతనీ ఆడిపోసుకున్నారని మత్తయి సువార్త 11వ అధ్యాయంలో ఉంది. మొహం ముడుచుకు కూర్చునే మనిషి మీద అటువంటి నింద ఎవరైనా వేస్తారా? తన కంట్లో దూలం పెట్టుకుని పక్కవాడి కంట్లో నలుసు తీయబోయేవాణ్ణి, దోమ పడకుండా నీళ్ళు వడగట్టుకుని ఒంటెను మాత్రం మింగేసేవాణ్ణి ఒక్కసారి ఊహించుకోండి. ఆ మాటలు విన్న జనం గంభీరంగా తలలూపి ఊరుకున్నారంటే నేను నమ్మను.

ఇక ఆదికాండము చూడండి. నూరేళ్ళ ముసలివాడికీ తొంభయ్యేళ్ళ ముసలమ్మకూ బిడ్డ పుడతాడన్న వార్త విని మొదట నవ్వినవాడు అబ్రాహామే. 17వ అధ్యాయంలో సాగిలపడి మరీ నవ్వాడు. పుట్టబోయే బిడ్డకు ఇస్సాకు అని పేరు ఖాయమైంది కూడా అక్కడే. హీబ్రూలో ఆ పేరుకు ‘నవ్వుతాడు’ అని అర్థం. తరువాతి అధ్యాయంలో శారమ్మ గుడారపు ద్వారం దగ్గర చాటుగా విని, తనలో తాను నవ్వుకుంది. ఎందుకు నవ్విందని దేవుడు అడిగితే, భయపడి నవ్వలేదని బొంకింది. కాదు, నవ్వావు అని ఆయన అన్నాడు. సంగతి అంతటితో సరి! శాపం లేదు, వాగ్దానం రద్దు కాలేదు. చెప్పిన కాలానికి బిడ్డ పుట్టాడు. ఆ గుడారంలో మన సంఘపెద్ద ఒకరు ఉండి ఉంటే శారమ్మ చేత క్షమాపణ పత్రం రాయించుకుని గానీ వదిలేవారు కారు.

అపొస్తలుల కార్యముల్లో ఐతుకు కథ మరొకటి. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే, కిటికీలో కూర్చున్న ఈ కుర్రవాడు నిద్ర తూగి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. చనిపోయాడనుకున్న పిల్లవాణ్ణి పౌలు కిందికి దిగి కౌగిలించుకున్నాడు, ప్రాణం ఉంది. అంతా ఊరట చెందారు. తరువాత పౌలు ఏం చేశాడనుకున్నారు? మళ్ళీ మేడ ఎక్కి, రొట్టె విరిచి తిని, తెల్లవారేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు! లూకా ఈ సంగతిని వ్యాఖ్యానమేమీ లేకుండా రాసి ఊరుకున్నాడు. రాస్తున్నప్పుడు ఆయన పెదవి మీద చిరునవ్వు లేదంటే నేను ఒప్పుకోను.

ఇంతకీ ఇదంతా ఎందుకు చెప్పుకొస్తున్నానంటే, మా ఇంట్లో విశ్వాసం నాకు అందిన తోవే అది. సాయంత్రపు కుటుంబ ప్రార్థనలో నాన్నగారు కళ్ళు మూసుకుని దేవునితో మాట్లాడుతూ మాకు చీవాట్లు పెట్టేవారు. “ప్రభువా, పరీక్షలు పది రోజుల్లో ఉన్నా పుస్తకం ముట్టని నీ బిడ్డను జ్ఞాపకం చేసుకో” అనేవారు. ఆ బిడ్డను నేనే. ఆమేన్ అనక తప్పదు, ఎదురు చెప్పే వీలు లేదు. అమ్మ వంతు వచ్చినప్పుడు, “కూరలో ఉప్పు తగ్గిందని పళ్ళెం ముందు నుంచి లేచిపోయిన వారికి దీర్ఘశాంతము దయచేయి తండ్రీ” అనేది. నాన్నగారి గొంతు నుంచి ఒక చిన్న దగ్గు వినబడేది. మొగుడూ పెళ్ళాల తగవులు దేవుడి సన్నిధిలో దాఖలై, అక్కడే కొట్టివేయబడేవి. క్రైస్తవ ఇళ్ళలో పెరిగిన వారికి ఈ పరోక్ష న్యాయస్థానం తెలిసే ఉంటుంది.

కొన్నేళ్ళుగా అమ్మకు మతిమరుపు వ్యాధి. మొదట తాళంచెవులు, తరువాత మనవల పేర్లు, ఆ పైన మేమందరమూ ఒక్కొక్కరుగా జారిపోయాం. కీర్తనలు మాత్రం జారలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తన ఎత్తుకుంటే చరణాలన్నీ వరుస తప్పకుండా పాడుతుంది. పక్కన పాడుతున్నది కన్నబిడ్డ అని మాత్రం తెలియదు. ఆ క్షణాన గుండెలో కలిగేదాన్ని ఏమనాలో నాకు మాట దొరకదు.

నాన్నగారు పాత అలవాటునే కొత్త పనికి వాడుకున్నారు. ఇప్పుడాయన ప్రార్థనలో చీవాట్లు లేవు, పరిచయాలు ఉన్నాయి. “ప్రభువా, ఈమె ఎడమ పక్కన కూర్చున్నది ఈమె పెద్ద కొడుకు. ఆ పిల్లవాడు మనవడు. నేను ఈమె భర్తను” అని నిదానంగా చెబుతారు. దేవుడికి తెలియని సంగతులా అవి? ఎదురుగా ప్రశ్నలు వేసి పరీక్షిస్తే అమ్మ బెదిరిపోతుంది. ప్రార్థనలో వింటే అవమానం ఉండదు. ఒకనాడు ఆమేన్ అయ్యాక అమ్మ నా చెవి దగ్గరికి వంగి, “ఈ పెద్దాయన ప్రార్థన బాగా చేశారు, ఏ సంఘం వారు?” అని అడిగింది. నాన్నగారు విని, “మీ సంఘమేనమ్మా, ఎన్నో ఏళ్ళుగా సభ్యుణ్ణి” అన్నారు. ముందు ఆయన నవ్వారు, తరువాత మేము, మా నవ్వు చూసి అమ్మ కూడా.

జబ్బు మనిషిని చూసి నవ్వడం తగునా అని అడగవచ్చు. ఏలీయా బయలు ప్రవక్తలను చూసి నవ్విన నవ్వు వేరు. అది ఓడిపోతున్న వారి మీద విసిరిన రాయి. శారమ్మ నవ్వు ఆ జాతిది కాదు. జరగవలసినది జరగదని తెలిసిపోయాక, ఒంట్లో సత్తువ ఉడిగాక వచ్చిన నవ్వు అది. మా ఇంట్లో నవ్వు ఈ రెండో రకం. అందులో అమ్మ కూడా ఉంటుంది కాబట్టే నాకు అభ్యంతరం లేదు. ఆమె బెదిరి చూసిన రోజున మేమెవ్వరమూ నవ్వం.

నాకు అభ్యంతరమైనది మరొకటి ఉంది. పరామర్శకు వచ్చి, ఇంటివారికి విశ్వాసం చాలకనే స్వస్థత రావడం లేదని తేల్చి వెళ్ళేవారు ఉంటారు. ఇది ఓదార్పు కాదు, నేరారోపణ. యోబు స్నేహితులు చేసిన పని ఇదే. ఆ గ్రంథం చివర దేవుడు కోపించినది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. మా ప్రార్థనల వల్ల అమ్మ జ్ఞాపకం తిరిగి రాలేదు. వస్తుందని నేను ఎవరికీ చెప్పను. ఆమె మరచిన మా పేర్లు మరచిపోనివాడొకడు ఉన్నాడని నమ్ముతాను. ఆ నమ్మకంతో రాత్రి పడుకోగలుగుతున్నాను, అంతే.

అలా తేల్చడానికే ఒక పెద్దమనిషి మొన్న మా ఇంటికి వచ్చారు. ఆయన విశ్వాసం గురించి బోధిస్తున్నంతసేపూ అమ్మ పది నిమిషాలకోసారి, “అయ్యో, టీ తీసుకోనేలేదే!” అని నొచ్చుకుంటూ గ్లాసు తెప్పించింది. మర్యాదకు కాదనలేక ఆయన నాలుగు గ్లాసులు తాగారు. నాన్నగారు వారించలేదు.