మూత్రపిండ రోగియు, వైకల్య నిర్ణయమును

శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసను, ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వఱకు కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా పఱచుకొనియున్న ఉద్దానమున, కారణ మింకను నిర్ధారితము కాని మూత్రపిండ వ్యాధి దశాబ్దములుగా కష్టజీవులను క్రుంగదీయుచున్నది. అచటి తోటకూలీ యొకడు చెట్టెక్కలేక, బరువెత్తలేక యింట కూలబడినపుడు, కాలుసేతులు సరిగానే యుండి, కన్ను కనబడుచు, చెవి వినబడుచునే యున్న యట్టివానిని వికలాంగుడని యనవచ్చునా యన్న ప్రశ్నకు మన శాసనము నేటికి నిచ్చుచున్న యుత్తరము కాదనియే.

1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను మాత్రమే గుర్తింపగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆ సంఖ్యను 21కి పెంచినది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులు అందు చేరుటచేత, పైకి గోచరింపని రోగము సైతము వైకల్యము కాగలదను సూత్రమును పార్లమెంటు అంగీకరించినట్లే యైనది. రక్తదోషమునకు దక్కిన యీ గుర్తింపు, ఆ రక్తమును శుద్ధిచేయు నవయవమే చెడినవానికి దక్కకుండుట నాకు న్యాయముగా తోపదు. మూత్రపిండ వైఫల్య మొక్కటియే యున్న రోగికి వైకల్యమును నిర్ధారించు సదరం శిబిరమున 40 శాతపు వైకల్య పత్రము లభింపదు.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఈ లోటును వేఱొక త్రోవను కొంత పూరించినది. వైకల్య పత్రముతో నిమిత్తము లేకయే డయాలసిస్ రోగులకు 2019 నుండి నెలకు 10,000 రూపాయల పింఛను నిచ్చుచు, డయాలసిస్ దాక పోని దీర్ఘవ్యాధి రోగులకు తరువాత ఏర్పఱచిన 5,000 రూపాయలను 2024లో 10,000కు పెంచినది. తెలంగాణమున డయాలసిస్ రోగులకు 2022లో 2,016 రూపాయల ఆసరా పింఛను ఏర్పఱుపబడినది.

అయితే ఆంధ్రప్రదేశమున డయాలసిస్‌కు ముందటి దశలో పింఛనునకు అర్హత నిర్ణయింపబడు తీరు ఆలోచింపదగినది. సీరం క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు మించవలెను; లేదా వైద్యులు జీఎఫ్ఆర్ అనెడు వడపోత వేగము నిమిషమునకు 15 మిల్లీలీటర్ల లోపునకు దిగవలెను; లేదా మూత్రపిండములు కుంచించుకొనిపోయి యుండవలెను. ఆరోగ్యవంతునకు 90కి పైబడి యుండు నా వేగము 15కు దిగినదనగా రోగి ఐదవ దశలో, డయాలసిస్ గుమ్మమున నిలిచియున్నాడన్న మాట. అంతకు పూర్వమే, నాలుగవ దశయందే, రక్తోత్పత్తికి తోడ్పడు హార్మోను కొఱవడి పాండురోగము ముదిరి, ఎముకలు బలహీనపడి, నాలుగడుగులు వేయుసరికి ఆయాసము వచ్చును. కుర్చీలో కూర్చుండి వ్రాసుకొనువాడు ఈ స్థితిలో ఏదోవిధముగ నెట్టుకొని రాగలడేమో కాని, ఎండలో పలుగు పట్టువాని కూలి అప్పటికే ఆగిపోవును. జీఎఫ్ఆర్ 18గా నున్న కూలీ పింఛను కొఱకు తన మూత్రపిండము లింకను చెడువఱకు వేచియుండవలసి వచ్చుచున్నది. మఱియొక చిక్కు: క్రియాటినిన్ కండరములనుండి పుట్టు పదార్థము కావున, తిండిలేక కండ కరగిన బక్కవానియందును, స్త్రీలయందును, రోగ మెంత ముదిరినను ఆ యంకె తగినంత పెరుగకపోవచ్చును. వడపోత వేగమును లెక్కగట్టుటయు సాధారణముగ ఈ క్రియాటినిన్ నాధారము చేసికొనియే. ఎవడు ఎక్కువ కృశించెనో వాని రోగమే కాగితముపై తక్కువగా కానవచ్చును.

అమెరికా సామాజిక భద్రతా శాఖవారి పద్ధతి యిచ్చట పరిశీలింపదగినది. ఏడాదికి తక్కువ కాకుండ సాగవలసిన డయాలసిస్ అర్హతకు చాలును; మూత్రపిండ మార్పిడి జరిగినవానిని ఒక సంవత్సరము అశక్తునిగా నెంచి పిదప పునఃపరీక్ష చేయుదురు. తక్కినవారి విషయమున క్రియాటినిన్ 4 లేక జీఎఫ్ఆర్ 20 అను మెట్టును పెట్టి, పండ్రెండు నెలలలో 90 దినముల యెడముతో రెండుమారులు అది ఋజువు కావలెననియు, దానితోపాటు ఎముకల వ్యాధియో, నరముల వ్యాధియో, దేహమంతట నీరుపట్టుటయో, ఆకలి చచ్చి చిక్కిపోవుటయో కూడ నుండవలెననియు నియమించిరి. ఈ నియమమును కఠినమైనదే. కాని రోగి శరీర మేమి చెప్పుచున్నదో కూడ విను పద్ధతి యది.

మన దేశమున ఈ దృష్టి బొత్తిగా లేదనరాదు. కార్మిక బీమా యగు ఈఎస్ఐ పథకము దీర్ఘ మూత్రపిండ వైఫల్యమును తన దీర్ఘరోగముల పట్టికలో చేర్చి, చందాదారుడైన కార్మికునకు వేతనములో 80 శాతము చెల్లించుచున్నది. ఉద్దానపు తోటకూలీకి ఆ చందాయు లేదు, ఆ చీటియు లేదు. డయాలసిస్ ఉచితముగా దొరికినను, వారమునకు మూడుమారులు, మారునకు నాలుగేసి గంటలు యంత్రము చెంత గడపువానికి, వాని వెంట వచ్చు భార్యకు పోయిన కూలి నెవ్వరును లెక్కింపరు.

2016 చట్టపు అనుబంధమున చివరి అంశముగా, కేంద్రప్రభుత్వము ప్రకటించు నితర వైకల్యములను చేర్చుకొనుటకు వీలు కల్పింపబడియున్నది. మూత్రపిండ వైఫల్యము నందు చేర్చుటకు క్రొత్త చట్ట మక్కఱలేదు. ఒక్క ప్రకటన చాలును.