తల్లికి నాయికాత్వం లేదా? విడాకుల అనంతర జీవితంలో కోరిక – తెలుగు విమర్శ మౌనం

పిల్లలు చదువులకో ఉద్యోగాలకో ఊరు దాటిపోయిన తరువాత, ఏనాడో భర్త నుంచి విడిపోయిన స్త్రీ ఇంట్లో ఒక్కతే మిగిలిన కథను తెలుగు విమర్శ చదివే పద్ధతి దాదాపు స్థిరపడిపోయింది. ఆమె ఆగిపోయిన సంగీతాన్ని మళ్ళీ అందుకొంటే, దూరవిద్యలో ఎం.ఏ.కు కడితే, గ్రంథాలయంలోనో పొదుపు సంఘంలోనో పనికి పూనుకొంటే దానికి 'అస్తిత్వ అన్వేషణ' అని పేరు పెడతారు. ఆమె ఒక పురుషుణ్ణి ఇష్టపడితే మాత్రం కలం తడబడుతుంది. అక్కడ 'తోడు' అనే మాట ఆదుకొంటుంది. ఆమెకు కావలసింది పలకరించే మనిషి అనీ, జ్వరం వస్తే మంచినీళ్ళు అందించే చేయి అనీ, అంతకు మించి ఆ బంధంలో వెదకవలసినది ఏమీ లేదనీ వివరించి కథను గౌరవప్రదం చేస్తారు. కోరిక అనే మాట వాడరు. తప్పక వాడవలసి వస్తే దానిని రచయిత చేసిన 'సాహసం'గా పేర్కొని తరువాతి పేరాకు వెళ్ళిపోతారు. దీనిని సభ్యత అనుకోవడం పొరపాటు. పాఠంలో ఉన్నదానిని లేదనడం విమర్శకు తగని పని.

అస్తిత్వం వేరు, కోరిక వేరు అన్న విభజన ఈ పద్ధతికి పునాది. స్త్రీ తనను తాను తెలుసుకోవడం ఉదాత్తమైన విషయమనీ, తన దేహానికి ఏమి కావాలో తెలుసుకోవడం దానికి అవాంతరమనీ చెప్పకుండానే చెప్పే విభజన ఇది. ఇరవై ఏళ్ళపాటు 'అమ్మ' అనే ఒక్క పిలుపుకు పలికిన మనిషికి ఇంట్లో ఆ పిలుపు ఆగిపోయిన రోజున ఎదురయ్యే ప్రశ్న 'నేనెవరు?' అన్నదొక్కటే కాదు, 'నాకేమి కావాలి?' అన్నది కూడా. రెండవ ప్రశ్నను తొలగించిన తరువాత మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులు సంగీతమూ సంఘసేవా దాటి పోవు. విరక్తికి కొత్త చీర కట్టి అస్తిత్వమని పిలవడం తప్ప అందులో విశేషం లేదు.

ఈ విభజన ఆధునిక విమర్శకు వారసత్వంగా వచ్చింది. ఆలంకారికులు నాయికలను స్వీయ, పరకీయ, సామాన్య అని మూడు విధాలుగా చెప్పారు. విడాకులు పొందిన స్త్రీని వీరిలో ఎక్కడ నిలపాలి? భర్త లేడు కనుక స్వీయ కాదు. ఇంకొకరి భార్య కాదు, కన్య కాదు కనుక పరకీయ కాదు. గణిక కాదు కనుక సామాన్య కాదు. స్వాధీనపతిక మొదలు అభిసారిక వరకు ఉన్న అష్టవిధ నాయికల నిర్వచనాలన్నీ ఒక పురుషుని రాకపోకల మీద ఆధారపడినవే. ఆ ఎనిమిదింటిలో ఒక్క నిర్వచనానికీ మాతృత్వంతో పని లేదు. బిడ్డ పుట్టడంతో స్త్రీ శృంగారం నుంచి తప్పుకొని వాత్సల్యానికి ఆశ్రయమవుతుంది. (వాత్సల్యాన్ని ప్రత్యేక రసంగా అంగీకరించిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో శృంగారాన్ని తక్కువగా చూడలేదు, రెండూ ఒకే వ్యక్తిలో నిలవగలవా అన్న ప్రశ్న మాత్రం శాస్త్రంలో వినిపించదు.) ఈ వర్గీకరణను వల్లించి పరీక్షలు రాసిన తరాలే ఆధునిక కథకు విమర్శకులయ్యారు. శాస్త్రాన్ని తిరస్కరించామని చెప్పుకొన్నవారు సైతం దాని ఖాళీలను అలాగే ఉంచారు.

పురాణేతిహాసాలు తల్లిదండ్రుల కోరికను అసలు చెప్పలేదనడానికి వీలులేదు. తండ్రి కోరికను అవి కావలసినంత చెప్పాయి. గంగ విడిచిపోయిన శంతనుడు, ఆధునిక పరిభాషలో చెప్పాలంటే, భార్య నుంచి విడిపోయి ఎదిగిన కొడుకు ఉన్న తండ్రి. అతడు సత్యవతిని చూచి మనసుపడ్డాడు. దిగులుతో కుమిలాడు. ఆ దిగులు తీర్చడానికి కొడుకు రాజ్యాన్నీ దాంపత్యాన్నీ వదులుకొంటే దేవతలు పూలు కురిపించారు. 'ఈ వయసులో ఇదేం బుద్ధి' అని శంతనుణ్ణి అడిగినవారు లేరు. యయాతి ఇంకొక అడుగు ముందుకు వేసి కొడుకు యౌవనాన్నే అడిగి పుచ్చుకొన్నాడు. ఆ కథ చివర భోగానికి తృప్తి లేదన్న వివేకం ఉన్నమాట నిజమే. అయితే ఆ వివేకం అనుభవం తరువాత వచ్చింది. అనుభవించే అవకాశం అతనికి మొదట దక్కింది. ఆదిపర్వం ద్వారా ఈ రెండు కథలూ నన్నయ నాటికే తెలుగులోకి వచ్చాయి.

యయాతి కథలోనే దేవయాని ఉంది. శర్మిష్ఠ బిడ్డల తండ్రి ఎవరో తెలిసిన నాడు భర్తను విడిచి పుట్టింటికి నడిచిన స్త్రీ ఆమె. ఇద్దరు కొడుకుల తల్లి. ఆమె ఫిర్యాదు మీదనే శుక్రుడు యయాతికి ముసలితనాన్ని శపించాడు. దేవయానితో తన యౌవనానికి ఇంకా తృప్తి కలగలేదని యయాతి మొరపెట్టుకొంటే, ఆ ముసలితనాన్ని మరొకరికి బదిలీ చేసుకొనే వెసులుబాటు దొరికింది. తృప్తి లేనిది దేవయానికి కూడానా అని శుక్రుడు అడగలేదు, కవులూ అడగలేదు. శాపం పడిన తరువాత కథ యయాతి వెంటపోయింది. ఇంతటి ఎడబాటును, ఇంతటి అభిమానాన్ని కల్పించిన ఇతిహాసం ఆమె మిగిలిన జీవితాన్ని ఎందుకు వదిలివేసిందో అడగడం పరిశోధనకు పనికివచ్చే ప్రశ్న. యయాతిని గురించి వచ్చిన తాత్త్విక వ్యాఖ్యానాలలో పదో వంతు శ్రద్ధయినా దీని మీద కనబడదు.

మనుస్మృతి ప్రకారం గృహస్థు తల నెరసి, మనుమణ్ణి చూచిన తరువాత భార్యను కొడుకులకు అప్పగించి గానీ వెంటబెట్టుకొని గానీ అడవికి పోవాలి. వెళ్ళడమో ఉండిపోవడమో నిర్ణయించే కర్త పురుషుడు. ఆమె అప్పగింతకు వస్తువు. నేటి కథల్లో అమెరికాలో ఉన్న కూతురు పురిటికి ఆరు నెలల వీసా మీద వెళ్ళి వచ్చే విడాకుల తల్లిని చూచి విమర్శ 'ఆమెకు మళ్ళీ ఒక ప్రయోజనం దొరికింది' అని సంతోషించినప్పుడు, ఆ సంతోషంలో పాత అప్పగింత తొంగిచూస్తూ ఉంటుంది.

సంస్కరణోద్యమం ఈ స్థితిని మార్చిందా? 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన వితంతు వివాహం తెలుగునాట ఒక యుగాన్ని ప్రారంభించింది. దాని ఘనతను తగ్గించవలసిన పని లేదు. అయితే ఆ ఉద్యమం లోకం ముందు నిలిపిన ప్రధాన రూపం బాలవితంతువు. జీవితం చూడని పిల్లకు జీవితం ఇవ్వడం అన్న కరుణ దాని బలం. జీవితం చూచి, బిడ్డలను కని పెంచి, మళ్ళీ కావాలనే స్త్రీ ఆ కరుణకు అందదు. పైగా ఆ ఉద్యమం అగ్రవర్ణ గృహం చుట్టూ నడిచింది. 'మారుమనువు' అనే మాటను పుట్టించుకొని వాడుకొన్న శ్రామిక కులాలలో విడిపోవడం, మళ్ళీ కలిసి బ్రతకడం కొత్త సంగతులు కావు. 1955 నాటి హిందూ వివాహ చట్టం సైతం ఆచార సిద్ధమైన విడాకుల హక్కును 29వ సెక్షన్‌లో కాపాడింది. విడాకుల స్త్రీ కోరికను పాశ్చాత్యపు దిగుమతిగా కొట్టివేసే వాదానికి మారుమనువు అనే ఒక్క తెలుగు మాట చాలు సమాధానం. ఆ మాటకు పరిశోధన వ్యాసాలలో చోటు దొరకకపోవడం, దానికి బదులు 'పునర్వివాహం' అనే సంస్కృత పదం సర్వత్రా వాడుకలోకి రావడం భాషాభిరుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

అదే చట్టంలోని 25వ సెక్షన్ మూడవ ఉపవిభాగాన్ని సాహిత్య విద్యార్థులు భాష దృష్టితో చదవదగినది. శాశ్వత భరణం పొందుతున్న వ్యక్తి మళ్ళీ వివాహం చేసుకొన్నా, భార్య అయితే శీలం నిలుపుకోలేదని తేలినా, భర్త అయితే వివాహేతర లైంగిక సంబంధం జరిపాడని తేలినా, రెండవ పక్షం కోరితే న్యాయస్థానం ఆ ఉత్తర్వును మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. భర్త విషయంలో చట్టం చెప్పినది ఒక చర్యను. భార్య విషయంలో చెప్పినది ఒక గుణాన్ని. వివాహమే రద్దయిన తరువాత ఆ శీలం ఎవరి పట్ల? పరస్పర అంగీకారంతో విడాకులను 1976లో చట్టంలో చేర్చిన తరువాత కూడా ఈ వాక్యం నిలిచే ఉంది. నెలనెలా వచ్చే భరణంతో పిల్లల ఫీజులు కట్టిన స్త్రీ, పిల్లలు వెళ్ళిపోయిన తరువాత ఎవరినైనా ఇంటికి పిలవడానికి ముందు ఎందుకు జంకుతుందో కథకుడు చెప్పకపోయినా విమర్శకుడికి తెలిసి ఉండాలి. అటువంటి పాత్ర మౌనాన్ని 'పరిణతి'గా పొగడే వ్యాఖ్యానం, భయాన్ని సద్గుణంగా లెక్కవేస్తున్నది.

తెలుగు సాహిత్యంలో దీనికి ఎదురు నిలిచే పాఠం లేదా అంటే, పద్దెనిమిదవ శతాబ్దంలోనే ఉంది. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనములో రాధ ఇళాదేవిని చిన్నతనం నుంచి పెంచింది. ఈడు వచ్చిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్ళి చేసింది. కొత్త దంపతులకు బుద్ధులు చెప్పి పంపింది. పెంచిన చేతులు ఖాళీ అయిన క్షణాన ఆమెకు తన విరహం తెలిసివచ్చింది. అసూయ వచ్చింది, కోపం వచ్చింది. కావ్యం పేరే చెబుతున్నట్టు, ఊరడింపు పొందవలసినది ఆమె, ఊరడించవలసినవాడు కృష్ణుడు. పెంపుడు బిడ్డ అత్తవారింటికి పోయిన తరువాత ప్రౌఢ స్త్రీలో కోరిక మేల్కొనడాన్ని ఇంత సూటిగా వస్తువు చేసుకొన్న కావ్యం మరొకటి చూపడం కష్టం.

ఈ కావ్యాన్ని వీరేశలింగం స్త్రీ నోట రాదగనిదిగా నిందించడం, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పరిష్కరించి ప్రకటిస్తూ పురుష కవుల శృంగారానికి లేని అభ్యంతరం స్త్రీ రచనకు ఎందుకని నిలదీయడం, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించడం, 1947లో టంగుటూరి ప్రకాశం ఆ నిషేధాన్ని తొలగించడం – ఇవన్నీ చాలాసార్లు చర్చకు వచ్చాయి. అశ్లీలత, నిషేధం, దేవదాసీ కర్తృత్వం చుట్టూ సాగిన ఆ చర్చ అవసరమైనదే. దాని నీడలో రాధ పెంపకం సంగతి మరుగున పడింది. అసలు అభ్యంతరం శృంగార వర్ణన పాలుకే అయితే ప్రబంధ కవులందరూ అదే బోనులో నిలబడవలసినవారు. పెంచిన తల్లి నాయిక కావడం, ఆమె కోపాన్ని కావ్యం న్యాయమైనదిగా స్వీకరించడం నిందకులను ఎంతగా కలవరపెట్టిందో ఇకనైనా పరిశీలించవలసి ఉంది.

ఆధునికులలో చలం చేసిన ధిక్కారం గొప్పదే కాని, మైదానంలో ఇల్లు దాటిన రాజేశ్వరి యువతి. ఆమెను వెనక్కు లాగే ఎదిగిన బిడ్డలు లేరు. ఓల్గా 'విముక్త'లోని 'సమాగమం' ఈ ప్రశ్నకు మరింత దగ్గరగా వస్తుంది. భర్త విడిచిన సీత, తండ్రి దగ్గరకు నేడో రేపో వెళ్ళిపోయే కొడుకులు, వారు తెచ్చిన పూల జాడ పట్టి ఆమె చేరుకొన్న శూర్పణఖ తోట. ఈ కథను స్త్రీల మైత్రిగా, ఇతిహాస పునర్లేఖనగా చదవడం సబబే. ఆ పఠనాలలో శూర్పణఖ జీవితంలోకి వచ్చిన సుధీరుడు ఒక చిన్న వివరంగా మిగిలిపోవడం సబబు కాదు. తిరస్కారానికి ముక్కు చెవులు కోల్పోయిన దేహం మళ్ళీ ప్రేమకు పాత్రమైందని చెప్పడం ఆ కథలో చిన్న వివరం కాదు. ఇక్కడ రచననూ ఒక మాట అడగవచ్చు. బిడ్డలు లేని శూర్పణఖకు సహచరుడు దొరికాడు. బిడ్డల తల్లి సీతకు ఆత్మజ్ఞానం దొరికింది. తల్లికి అస్తిత్వం, తల్లి కానిదానికి కోరిక అన్న పాత పంపకం ఇంత ధిక్కార రచనలోనూ చెక్కుచెదరలేదంటే దాని వేరు ఎంత లోతుగా దిగిందో ఊహించవచ్చు.

కోరికకు ఇంత ప్రాధాన్యమిస్తే స్త్రీని మళ్ళీ దేహానికి కుదించినట్టవుతుందన్న ఆక్షేపణ స్త్రీవాదుల నుంచే రావచ్చు. అది తేలికగా తీసివేయదగినది కాదు. స్త్రీ దేహాన్ని వర్ణించి స్త్రీ స్వేచ్ఛగా అమ్మిన రచనలకు కొరత లేదు. కానీ కుదింపు అనేది ఒకదానిని మిగిల్చి తక్కినవి తీసివేయడం. ఇప్పుడు తీసివేతకు గురవుతున్నది కోరికే. దానిని తిరిగి చేర్చమనడం కుదింపు ఎలా అవుతుంది? ఆమె ఇష్టపడి కూడా కాదనుకొన్న కథను చదవడానికి కూడా ఆ ఇష్టం ఒకటి ఉన్నదని ముందు ఒప్పుకోవాలి.

ఇక 'పిల్లల పెళ్ళిళ్ళు కానీ' అన్న వాయిదా. విడాకుల తల్లి జీవితాన్ని కథల్లోనూ బయటా శాసించేది ఈ మూడు మాటలే. తల్లి ఎవరితోనో ఉంటున్నదని తెలిస్తే కూతురి సంబంధం తప్పిపోతుంది. తీరా పెళ్ళి కుదిరాక కన్యాదానానికి దంపతులు కావాలి కనుక పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ కూర్చుంటారు. పెంచిన తల్లి వంటవాళ్ళకు లెక్కలు చూస్తూ పెరటి వైపు ఉంటుంది. బిడ్డ కోసం దాచుకొన్న కోరిక ఆ బిడ్డ పెళ్ళిలో ఆమెకు పీట కూడా సంపాదించి పెట్టలేదు. ఇటువంటి దృశ్యం వచ్చిన కథను 'మాతృత్యాగం' అనే శీర్షిక కింద వేయడం ఆ పెళ్ళిపెద్దల పక్షాన నిలబడటమే అవుతుంది.

శీర్షికల మాట వచ్చింది కనుక, కథాసాహిత్యం మీది సిద్ధాంత గ్రంథాలలో ఈ వస్తువుకు దొరికే చోటు కూడా చూడవలసినదే. 'వృద్ధుల సమస్యలు' లేదా 'ఒంటరి స్త్రీల సమస్యలు'. ఇరవై ఏళ్ళకు పెళ్ళి, ఇరవై రెండేళ్ళకు బిడ్డ, బిడ్డకు పద్దెనిమిదేళ్ళు రాగానే వసతిగృహ ప్రయాణం అనుకొంటే, ఆ తల్లి వయసు అప్పటికి నలభై. నలభై ఏళ్ళ పురుష పాత్రను ఏ పరిశోధకుడూ వృద్ధుల అధ్యాయంలో చేర్చడు.