నాలుగు గోడల మధ్య బైబిల్: రెడ్డికి ఒక న్యాయం, మాలకు ఒక న్యాయం

2024 సెప్టెంబరు 27న, డిక్లరేషన్ గొడవ ముదిరి తిరుమల ప్రయాణం మానుకున్న రోజు, పులివెందుల ఎమ్మెల్యే, మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి విలేకరులతో ఒక మాట అన్నారు. ఇంట్లో నాలుగు గోడల మధ్య బైబిల్ చదువుతానని, బయటికొస్తే అన్ని మతాలనూ గౌరవిస్తానని. దానికి ప్రత్యర్థులు ఎన్ని మాటలన్నా ఆయన కులానికి గానీ సీటుకు గానీ ముప్పు రాలేదు. పులివెందుల జనరల్ స్థానం. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు కూడా అంతే.

అదే మాట బద్వేలులోనో రైల్వే కోడూరులోనో పోటీ చేస్తున్న మాల, మాదిగ అభ్యర్థి నోట వచ్చిందనుకోండి. పాత కడప జిల్లాలో ఆ రెండూ ఎస్సీ రిజర్వుడు స్థానాలు. ఆ వీడియో మర్నాడే ఫిర్యాదుకు జతవుతుంది. ఊహించి చెప్పడం లేదు. 2019లో తాడికొండ నుంచి గెలిచిన ఉండవల్లి శ్రీదేవి క్రైస్తవురాలంటూ ఫిర్యాదు వెళ్తే అధికారులు విచారణ జరిపారు. కేరళలో దేవికుళం ఎమ్మెల్యే ఎ. రాజా ఎన్నికను అక్కడి హైకోర్టు 2023లో రద్దు చేసింది. చర్చి రిజిస్టర్లు, పెళ్లి ఫోటోలు సాక్ష్యాలయ్యాయి. 2025 మేలో సుప్రీంకోర్టు ఆయన ఎన్నికను నిలబెట్టింది గానీ, ఆ రెండేళ్లూ ఆయన పెళ్లి కోర్టులో విచారణకు నిలబడింది.

దీనికి మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, అందులోని మూడో పేరా. హిందువులకు మాత్రమే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను బయటే ఉంచారు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లకు దక్కేది బీసీ-సీ, ఒక్క శాతం. రెడ్డి బాప్తిస్మం తీసుకుంటే రెడ్డిగానే ఉంటాడు, పెళ్లి సంబంధాలు కూడా రెడ్లలోనే చూసుకుంటాడు. మాల బాప్తిస్మం తీసుకుంటే ఊరికి మాలగానే ఉంటాడు, కాగితం మీద మాత్రం కాకుండా పోతాడు.

అందుకే మన పిల్లలకు రికార్డుల్లో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. విశ్వాసాన్ని దాచుకోవద్దని పాస్టరు ప్రసంగిస్తాడు, మోసం చేస్తున్నారని హిందుత్వ సంఘాలు అరుస్తాయి. నమ్మినదాన్ని బాహాటంగా బతకమని చెప్పడం తేలికే. ఆ బతుకుకు అయ్యే ఖర్చు ఎవరి మీద పడుతుందో ఇద్దరూ లెక్కేయరు. స్కాలర్‌షిప్పు, సీటు, ఉద్యోగం, చివరికి అట్రాసిటీ కేసు, అన్నీ ఒకే సర్టిఫికెట్‌కు వేలాడుతున్నాయి.

ఈ సీమలో క్రైస్తవం పెరిగింది ఎక్కువగా మాలపల్లెల్లో. లండన్ మిషన్ వాళ్లు జమ్మలమడుగులో పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఈ చుట్టుపక్కల పేదలకు పెద్ద దిక్కు. రాజశేఖర రెడ్డి పుట్టింది ఆ జమ్మలమడుగులోనే, 1949లో. వైద్యం చదివాక కొంతకాలం ఆ మిషన్ ఆసుపత్రిలోనే పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి కట్టారు. సేవను విశ్వాసంలో భాగంగా చూసే మిషన్ సంప్రదాయం అందులో కనిపిస్తుంది. దాన్ని తీసిపారేయను.

కానీ పేరా మూడు సంగతి వేరు. 2004లో ముఖ్యమంత్రి అయిన వైఎస్, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ శాసనసభలో తీర్మానం చేయించింది 2009 ఆగస్టులో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు. 2019లో గెలిచిన జగన్ అదే తీర్మానం చేయించింది 2023 మార్చి 24న. శాసనసభ తీర్మానం ఒక విన్నపం, అంతే. మార్చగలిగేది పార్లమెంటు. అక్కడ 2019లో జగన్ పార్టీకి 22 మంది లోక్‌సభ సభ్యులున్నారు. ఆ ఏడాది డిసెంబరులో మతం ప్రాతిపదికన పౌరసత్వమిచ్చే సీఏఏకి ఆ పార్టీ ఓటేసింది. మతం అడిగి హక్కులిచ్చే చట్టానికి ఓటేసి, మతం అడిగి హక్కులు తీసేసే ఉత్తర్వు మీద ఊళ్లో తీర్మానం చేయడం ఏం నిలకడో నాకు అర్థం కాదు.

కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది, రెండేళ్ల గడువుతో. ఆ గడువునూ పొడిగించారు. అంతకు ముందే, 2007లో, రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరాను తొలగించమని చెప్పి ఉంది.

2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు గుంటూరు జిల్లా కేసులో ఇచ్చిన తీర్పుతో పరిస్థితి ఇంకా బిగిసింది. పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. ఎస్సీ సర్టిఫికెట్ రద్దు కాకపోయినా, మతం మారాక ఆ చట్టం రక్షణ లేదంది. కులం పేరుతో తిట్టినవాడు బాధితుడి మతం చూసి తిట్టలేదు కదా? రేపు జమ్మలమడుగు పల్లెలో ఎవరినైనా కొడితే, నిందితుడి వకీలు వేసే మొదటి ప్రశ్న ఆదివారం ఎక్కడికి వెళ్తావనే.

ఓట్లప్పుడు ఈ మూడు నియోజకవర్గాల్లో చర్చి మెట్లెక్కని అభ్యర్థి అరుదు. కడప లోక్‌సభ స్థానం 1989 నుంచి వైఎస్ కుటుంబం చేతిలోనే ఉంది: రాజశేఖర రెడ్డి, వివేకానంద రెడ్డి, జగన్, ఇప్పుడు బంధువు అవినాష్ రెడ్డి. ఆ పేరాను మార్చగల సభలో ముప్పై అయిదేళ్లకు పైగా కూర్చున్నారు. పేరా మూడు తీసేయమని బిల్లు పెడతారా అని ఈసారి చర్చి మెట్ల మీదే అడగండి. కడప కూడా జనరల్ స్థానమే, అడిగినందుకు ఆయన సర్టిఫికెట్ ఎవరూ లాక్కోరు.