సందులో సుడి

కంప్రెసర్‌ను ఓవర్‌హాల్‌కు విప్పినప్పుడు అందరి కళ్లూ రోటర్ మీదే. షాఫ్టు చుట్టూ రంపపు పళ్లలా నిలబడి గ్యాస్ లీకేజీని తగ్గించే లాబిరింత్ సీల్ దగ్గరికొచ్చేసరికి, ఫిట్టర్ ఫీలర్ గేజి దూర్చి సందెంతో రాసుకుని ముందుకెళ్తాడు. లీకేజీ హద్దులో ఉంటే చాలు, సీల్ పాసైనట్టే. నా పేచీ ఈ అలవాటుతోనే.

ఆ సందు చాలాచోట్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందులోకి దూరే గ్యాస్ మాత్రం తిన్నగా పోదు. ఇంపెల్లర్ పక్కనున్న ఇరుకు చోటులో రోటర్‌తో పాటు తిరిగి తిరిగి, ఆ సుడితోనే సీల్‌లోకి వస్తుంది. షాఫ్టు నడిమధ్య ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, సందులో ఒకవైపు ఒత్తిడి పెరుగుతుంది, మరోవైపు తగ్గుతుంది. ఆ తేడా షాఫ్టును నడిమికి నెడితే మేలే. తిరిగే గ్యాస్ అలా చేయదు, అడ్డంగా తోస్తుంది. ఉయ్యాల పోయే వైపుకే ప్రతిసారీ కాస్త తోసినట్టన్నమాట. ఆ ఊపును బేరింగుల్లోని నూనె మింగగలిగినంతవరకే మెషిన్ నిలకడగా తిరుగుతుంది. ఆ తర్వాత క్షణాల్లో వైబ్రేషన్ పెరిగి ట్రిప్ అయి ఆగిపోతుంది.

అప్పుడు రోటర్‌ను బాలెన్సింగ్‌కు పంపుతారు! బరువు తేడా వల్ల వచ్చే ఊపు షాఫ్టు వేగంతోనే వస్తుంది. సీల్ పుట్టించే ఊపు అంతకంటే నెమ్మది, చాలాసార్లు సగం దగ్గర. వైబ్రేషన్ స్పెక్ట్రమ్‌లో ఆ గీత విడిగా కనబడుతూనే ఉంటుంది. నేను చూసిన ఒక ప్లాంటులో ఒకే రోటర్‌ను రెండుసార్లు బాలెన్స్ చేశారు. చివరికి తేలిందేమిటంటే, చవగ్గా చేయించిన స్పేర్ సీల్‌కు స్విర్ల్ బ్రేకే లేదు. సీల్ మొదట్లో సుడిని విరిచే చిన్న రెక్కల వరస అది. కొలతలన్నీ సరిపోయాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. 1970ల్లో కెనడాలోని కేబాబ్‌లో, ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్‌లో అధిక పీడన కంప్రెసర్లు ఇలాగే మొరాయించాయి. 1976లో అమెరికా స్పేస్ షటిల్ ఇంజిన్ పరీక్షల్లోనూ అదే గొడవ. నిమిషానికి 37,000 చుట్లు తిరగాల్సిన హైడ్రోజన్ పంపు రోటర్ ఆ వేగం అందుకోకముందే, తన వేగంలో సగం దగ్గర సుడి తిరగడం మొదలెట్టింది. బేరింగుల ఆధారాలను గట్టిపరిచారు. దశల మధ్య సీల్స్‌లోని గాళ్లు తీసేసి నునుపు చేశారు. నునుపు సందులో ద్రవం స్ప్రింగులా షాఫ్టును నడిమికి నెడుతుందని సోవియట్ ఇంజినీరు లొమాకిన్ 1950ల్లోనే చెప్పాడు. లీకేజీని తగ్గించడానికి పెట్టిన గాళ్లే ఆ బలాన్ని తినేశాయి. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పెట్రోలియం పరిశ్రమ పాటించే ఏపీఐ 617 ప్రమాణం కొత్త కంప్రెసర్‌కు స్థిరత్వపు లెక్క అడుగుతుంది. పదేళ్ల తర్వాత వేసే స్పేర్ సీల్‌కు ఆ లెక్క అడిగేవాళ్లు నాకు అరుదుగా కనబడ్డారు. విశాఖ రిఫైనరీలో, ఎరువుల కర్మాగారాల్లో ఇలాంటి యంత్రాలు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. వాటి పక్కన మనుషులుంటారు. అందుకే మెయింటెనెన్స్ ఇంజినీర్లను అడుగుతున్నాను: ఓవర్‌హాల్ షీట్‌లో క్లియరెన్స్ గడి పక్కన ఇంకో రెండు గడులు గీయండి. స్విర్ల్ బ్రేకు ఉందా, దాని రెక్కలు షాఫ్టు తిరిగే దిక్కుకు ఎలా వంగి ఉన్నాయి.