వినే యంత్రాంగం

యంత్రం ముందు వేలిముద్ర పడక వృద్ధులు పడే అవస్థ పాఠకులకు కొత్త కాదు. ఇటీవల మేము ఒక కార్యాలయంలో అట్టి దృశ్యమే చూచితిమి. లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక పింఛనుదారు నాలుగు పర్యాయములు బొటనవేలు ఆనించినా యంత్రం అంగీకరించలేదు. ముప్పై ఏళ్ళకు పైగా పనిముట్లు పట్టిన చేతులు, గీతలు అరిగిపోయినవి. "సిస్టమ్ తీసుకోవడం లేదండీ, మేమేం చేయగలం?" అన్నారు కౌంటరులోని యువకుడు. ఆయనను తప్పు పట్టలేము. ఆ లోపాన్ని ఎవరికి చెప్పవలెనో ఆయనకూ తెలియదు. చెప్పినచో వినేవారు ఉన్నారన్న నమ్మకమూ లేదు.

యంత్రాలను ప్రవేశపెట్టడం ఒక పని. వాటి గురించి కౌంటరుకు ఇవతలా అవతలా ఉన్నవారు చెప్పేది వినడం మరొక పని. ఈ రెండవ పనినే తన పదవికి పరమార్థంగా భావించిన ఒక మంత్రి జీవితాన్ని ఈ మాసం పాఠకుల ముందుంచుతున్నాము. ఆమె తైవాన్‌లో డిజిటల్ వ్యవహారాలు నిర్వహించిన ఆడ్రీ తాంగ్.

1981లో తైపే నగరంలో జన్మించిన తాంగ్‌కు పుట్టుకతోనే గుండె జబ్బు. పన్నెండవ ఏట శస్త్రచికిత్స జరిగేవరకు ఆరోగ్యం అంతంతమాత్రమే. ఎనిమిదేళ్ళ ప్రాయంలో, చేతికి కంప్యూటరు రాకముందే, కాగితంపై మీటలు గీసుకొని ప్రోగ్రాములు వ్రాయడం ఆరంభించినారు. పద్నాలుగవ ఏట పాఠశాల విడిచి సొంతంగా చదువుకొనుటకు నిశ్చయించుకొనగా, ప్రధానోపాధ్యాయులు అందుకు సమ్మతించడం విశేషం. అనంతరం సాఫ్ట్‌వేరు రంగంలో పేరు గడించి, ముప్పై మూడవ ఏటనే వ్యాపార జీవితం నుంచి విరమించినారు. 2005లో ఆమె తాను స్త్రీగా జీవించదలచినట్లు ప్రకటించి పేరు మార్చుకొన్నారు.

2014 మార్చిలో ఆమె జీవితం మలుపు తిరిగింది. చైనాతో కుదిరిన సేవల వాణిజ్య ఒప్పందాన్ని తగిన చర్చ లేకుండా ఆమోదింపజేయ యత్నించినారని ఆగ్రహించిన విద్యార్థులు తైవాన్ చట్టసభను సుమారు మూడు వారాలు ఆక్రమించినారు. లోపల జరుగుచున్నది బయటివారికి యథాతథంగా కనిపించినచో పుకార్లకు తావుండదని భావించి, ఇంటర్నెట్ తీగలు లాగి ప్రసారానికి తోడ్పడిన స్వచ్ఛంద సేవకులలో తాంగ్ ఒకరు. అదే ఏడాది చివర ఒక మంత్రి ఈ స్వచ్ఛంద బృందం వద్దకు స్వయంగా వచ్చి, చట్టాలపై ప్రజాభిప్రాయం సేకరించే మార్గం చూపుమని కోరినారు. నిన్న నినాదాలు చేసినవారిని నేడు సలహా అడుగుట ఏ ప్రభుత్వానికైనా తేలికైన పని కాదు.

అట్లు రూపొందినది 'వీతైవాన్' అనే వేదిక. 2015లో ఊబర్ వాహనాలపై టాక్సీ డ్రైవర్లకు తీవ్ర ఆగ్రహం కలిగినప్పుడు ఇది పరీక్షకు నిలిచింది. అభిప్రాయ సేకరణకు వాడిన 'పోలిస్' అనే సాధనంలో ఒక చిన్న ఏర్పాటు ఉన్నది. ఇతరుల వాక్యంతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు, దాటవేయవచ్చు. బదులు వ్రాయుటకు మాత్రం వీలులేదు. కనుక తగవుకు తావు లేదు. ఎవరికి వారు కొత్త వాక్యం చేర్చవలసినదే. క్రమంగా డ్రైవర్లు, ప్రయాణికులు, కంపెనీ పక్షం వారు బీమా, రిజిస్ట్రేషను వంటి విషయాలలో ఒకే మాట మీద ఉన్నారని తేలింది. తదుపరి నిబంధనలకు అదే ఆధారమైంది.

2016 అక్టోబరులో, ముప్పై ఐదవ ఏట, తాంగ్ మంత్రివర్గంలో చేరినారు. ఆమె తనకు తాను విధించుకొన్న నియమం మా వంటి కార్యాలయ జీవులను ఆశ్చర్యపరుస్తుంది. తన అధ్యక్షతన జరిగే సమావేశాలలోని సంభాషణ మొత్తం, పాల్గొన్నవారు సరిచూచుకొనుటకు పది పనిదినాలు గడువిచ్చి, ఆపై బహిరంగపరచేవారు. వారానికొకరోజు ఎవరైనా వచ్చి కలిసి మాట్లాడుటకు తలుపులు తెరిచి ఉంచేవారు.

2020 ఫిబ్రవరిలో కరోనా భయంతో మాస్కులకు కటకట ఏర్పడింది. ఏ దుకాణంలో నిల్వ ఉన్నదో తెలిపే పటాన్ని మొదట తయారుచేసినది ప్రభుత్వం కాదు, తైనాన్ నగరపు ఒక ఇంజనీరు. తాంగ్ ఆ ప్రయత్నాన్ని తనదిగా చేసుకొనలేదు, అడ్డుకొనలేదు. ఆరు వేలకు పైబడిన మందుల దుకాణాల నిల్వల వివరాలను ప్రభుత్వమే ఎప్పటికప్పుడు విడుదల చేయునట్లు చూచినారు. అయితే కొన్ని దుకాణాలవారు ఉదయమే టోకెన్లు పంచి వేయడంతో పటంలో మాస్కులున్నా దుకాణంలో దొరకని పరిస్థితి వచ్చింది. దుకాణదారులు బాహాటంగా ఫిర్యాదు చేసినారు. వారిని మందలించలేదు, విధానాన్నే సవరించినారు.

ఆమె కృషికి పరిమితులు లేకపోలేదు. వీతైవాన్‌లో కుదిరిన అంగీకారాలకు ప్రభుత్వం చట్టరీత్యా కట్టుబడి ఉండనవసరం లేదు. కనుక అనేక చర్చలు చర్చలుగానే మిగిలినవి. 2022 ఆగస్టులో ఏర్పడిన డిజిటల్ వ్యవహారాల మంత్రిత్వశాఖకు తొలి మంత్రిగా ఉన్న కాలంలో ఆన్‌లైన్ మోసాలను అరికట్టలేదన్న విమర్శ వినవచ్చింది. 2024 మే నెలలో ఆమె పదవి వీడినారు. 2025లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం లభించింది.

మన దేశంలోనూ 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ విభాగం, ఎవరూ అడుగకముందే వివరాలు ప్రకటించవలెనని ప్రభుత్వరంగ సంస్థలతో సహా అందరినీ ఆదేశిస్తున్నది. చట్టం ఉన్నది, అలవాటు కావలసి ఉన్నది.

ఇక ఆ పింఛనుదారు సంగతి. వేలిముద్ర పడనివారి కోసం ముఖాన్ని గుర్తించే పద్ధతి మన దేశంలో 2021 నవంబరులోనే ప్రవేశపెట్టబడినది. మరునాడు మనుమడి ఫోనులో ఆయన పని నిమిషాలలో పూర్తయినది. అనగా పరిష్కారం ఏనాడో వచ్చింది. ఆ కౌంటరు వరకు రాలేదు. ఆ యువకుని ఇబ్బంది పైవరకూ పోలేదు. ఈ రెండు ప్రయాణాలకు దారి వేయడమే అసలైన డిజిటల్ అభివృద్ధి అని మా అభిప్రాయం.

మన సంస్థలో మీ కౌంటరు వద్ద, మీ విభాగంలో ఇట్టి చిక్కులు ఉన్నచో ఈ శీర్షికకు వ్రాసి పంపండి. ఉద్యోగుల కుటుంబ సభ్యులు కూడా వ్రాయవచ్చును. సంబంధిత అధికారుల సమాధానంతో సహా ప్రచురించగలము.