ఆపరేషను తరువాత ఆగిన ప్రేగులు

జడ్చర్ల, మహబూబ్‌నగర్ ప్రాంతపు ఆసుపత్రులలో ఉదయము రౌండ్ల వేళ ప్రసూతి వార్డున మొదట వినవచ్చు ప్రశ్న "గ్యాస్ పోయిందా అమ్మా?" అన్నదియే; ఆపరేషనుతో ఆగిన ప్రేగులు మరల కదలినవనుటకు అది గుర్తు. కడుపు కోసి బిడ్డను తీసిన మరునాడు తల్లి ఒకచేత మడతపెట్టిన చీరను కుట్లపై అదిమిపట్టి, రెండవచేత మంచపు కమ్మిని ఊతగా గైకొని లేవబోవుచుండగా, అత్త "లేవకు బిడ్డా, కుట్లు పిగుల్తయ్" అని వారించును; స్టీలు టిఫినులోని జావ మూత తీయకుండగనే చల్లారిపోవును. ఆ వారింపు నిక్కమైన ప్రేమయే. అయినను, కోసిన కడుపు కదలకయు తినకయు ఉన్ననే మానునను నమ్మకము నేటి శాస్త్రజ్ఞానమునకు విరుద్ధము. ఆ సంగతిని అత్తాకోడండ్రకు వారి మాటలలోనే విప్పిచెప్పుట వైద్యుని విధులలో ఒకటియని నా దృఢాభిప్రాయము.

కడుపుకోత పిదప ప్రేగులు స్తంభించుటకు నాడులే కారణమని చిరకాలము తలంచిరి. 1899లో బేలిస్, స్టార్లింగు అను శాస్త్రజ్ఞులు కుక్కలపై పరిశోధించి, ఉదరమును తెఱచి ప్రేగులను తాకినంతనే నాడీమార్గమున వాని చలనము అణగిపోవుటను వర్ణించిరి. ఆ వర్ణనము సత్యమే; కాని నాడులవలని ఆ తొలి స్తంభన కొలది గంటలలో సడలవలసియుండగా, ప్రేగులు దినములతరబడి కదలకుండుట యేల? 1998లో పిట్స్‌బర్గున కాల్ఫ్, బవర్ ప్రభృతులు ఎలుకలపై జరిపిన పరిశోధనలు దీనికి సమాధానము చూపినవి. ప్రేగుగోడలోని రెండు కండరపు పొరల నడుమ, నాడీజాలమును ఆనుకొని, ఊరి పొలిమేర కావలివారివలె మాక్రోఫేజులు అను రక్షకకణములు నిత్యము కాపుండును. శస్త్రకారుని వ్రేళ్ళు ఎంత మృదువుగ తాకినను ఆ స్పర్శకే అవి మేల్కాంచి రసాయనసంకేతములు వెలువరించును. కొన్ని గంటలలో రక్తమునుండి తెల్లకణములు గుంపులుగ వచ్చి కండరముల నడుమ చేరును. అవి పుట్టించు నైట్రిక్ ఆక్సైడు, ప్రోస్టాగ్లాండినులు కండరమును సడలించి కదలనీయవు. మఱియు వింత యేమనగా, శస్త్రకారుడు తాకని భాగములకు సైతము ఈ స్తంభన ప్రాకును. అందులకు టి-కణములు అను ఒక జాతి తెల్లకణములు దూతలగుచున్నవని 2010లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. అట్లని ఈ రక్షకకణములను శత్రువులుగ నెంచరాదు. తరువాత వచ్చి చేరు మాక్రోఫేజులే శోథమును (వాపును) చల్లార్చి నాడులను కాపాడుచున్నవి.

2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు సిజేరియనులే. ఆ సర్వేలో దేశమున మఱే రాష్ట్రమునను ఇంత కానరాలేదు. ఇన్ని కోతలు అవసరమా అన్నది వేఱొక వివాదము. సిజేరియనులో ప్రేగులను తాకుట స్వల్పము గనుక స్తంభనయు స్వల్పమే. అందుచేతనే ఇబ్బందిలేని తల్లికి కొలది గంటలలోనే ఆహారమీయవచ్చునని నేటి వైద్యమార్గదర్శకములు చెప్పుచున్నవి. ప్రేగునే కోసి అతుకవలసిన ఆపరేషనులలో స్తంభన దీర్ఘము: చిన్నప్రేగు ఒక్కరోజులో తేరుకొన్నను పెద్దప్రేగుకు రెండుమూడు దినములు పట్టుట సామాన్యము.

ఈ స్తంభనను తగ్గించుటకు మార్గములును కలవు. 1990లలో డెన్మార్కున కెహ్లెట్ అను శస్త్రవైద్యుడు త్వరగా లేపి నడిపించుట, త్వరగా తినిపించుట, మత్తుతోగూడిన నొప్పిమందులను తగ్గించుట అనువానిని ఒక్క త్రాట గ్రుచ్చి ఆచరణలో పెట్టెను. తలనుండి ఉదరమునకు దిగు వేగస్ నాడి మునుపు చెప్పిన రక్షకకణముల ఉద్రేకమును అణచగలదని 2005లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఎలుకలయందు చూపిరి. చూయింగ్‌గమ్ నమలుట భోజనభ్రాంతి కలిగించి ఆ నాడినే ప్రేరేపించునని భావించుచున్నారు. ఫలితములు అన్ని ఆపరేషనులలో ఒక్కతీరున లేకున్నను, సిజేరియను పిదప గ్యాసు త్వరగ పోవుటకు అది తోడ్పడునని పెక్కు అధ్యయనములలో కానవచ్చినది.

పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలు దేశమంతట ఆనకట్టలు కట్టినవారు. వారి ఇంట ఒక మనిషి ఆసుపత్రి మంచము ప్రక్క కూర్చున్న ప్రతిదినమును ఒక దినపు కూలి పోవును. 2007లో మొదలైన ప్రభుత్వపు ఆరోగ్యశ్రీ పథకము శస్త్రచికిత్స వ్యయమును భరించినను ఆ కూలిని తిరిగి ఈయలేదు. కావున ఆపరేషనుకు ముందే, రోగి వెంట వచ్చిన బంధువులందఱు వినుచుండగా, ఎప్పుడు లేవవలెనో, ఎప్పుడు ఏమి త్రాగవలెనో సిస్టరమ్మ వివరించు పద్ధతి ప్రతి వార్డునను నెలకొనవలెను. కడుపు నానాటికి ఉబ్బుచున్నను, వాంతులు ఆగకున్నను, జ్వరముతో నొప్పి హెచ్చుచున్నను, అది మామూలు స్తంభన యని ఊరకుండక అర్ధరాత్రియైనను డ్యూటీ డాక్టరును లేపవలెననియు ఆమె అప్పుడే చెప్పవలెను.