ఎగరకపోతేనేం?

‘బ్లాక్ 6’గా పేరుపడిన జర్మన్ మెసర్‌ష్మిట్ 109 ఫైటర్ విమానం 1942 నవంబరులో లిబియాలో ఆస్ట్రేలియా వైమానిక దళం చేతికి చిక్కింది. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి 1991లో దాన్ని మళ్లీ గాల్లోకి లేపారు. 1997 అక్టోబరు 12న డక్స్‌ఫర్డ్‌లో ఇంజిన్ మొరాయించింది. దిగబోయిన విమానం రన్‌వే దాటి, పక్కనున్న మోటార్‌వే మీదుగా వెళ్లి, దున్నిన పొలంలో తలకిందులైంది. అదృష్టం, పైలట్ బతికాడు. ఇక మ్యూజియంలో పెడదామనుకుంటున్న దశలో జరిగిందిది. అందుకే ఎక్కువ బాధ.

ఇంజిన్ హోరు వింటేనే ఆ కాలం అనుభవంలోకి వస్తుందనే వాదనను కొట్టిపారేయలేం. కానీ ఎగరాలంటే అరిగిన భాగాలు మార్చక తప్పదు. మార్చిన ప్రతిసారీ 1942 నాటి లోహం కొంత తగ్గిపోతుంది. హోరు వినాలంటే కొత్తగా కట్టిన నమూనాలను ఎగరేయవచ్చు. అసలు విమానం మాత్రం నేల మీదే ఉండాలి. ఢిల్లీ పాలం మ్యూజియంలోని హరికేన్, స్పిట్‌ఫైర్‌ల విషయంలోనూ నా మాట ఇదే. తుప్పు పట్టనివ్వని సంరక్షణకే డబ్బు ఖర్చు చేయాలి.